కేసులు ఆపిన కరెంటు ఎక్కడ?

"కరెంటు కావాలంటారు, తీరా ప్లాంటు పెట్టబోతే కేసులేస్తారు." జైనూర్ అంగట్ల చాయ్ హోటల్ నుంచి హైదరాబాద్ టీవీ చర్చల దాకా ఈ మాటకు ఎదురు లేదు. మంత్రులు అంటారు, ఇంజనీర్లు అంటారు, నెలనెలా బిల్లు కట్టే మామూలు మనిషీ అంటాడు. ఈ మధ్య దీనికి ఒక కొత్త మెరుగు పెట్టారు: తేలే గ్యాస్ ప్లాంటు. భూమి అక్కర్లేదు, ఊరు ఖాళీ చేయించే పని లేదు, పునరావాసం గొడవ లేదు. ఓడ వస్తుంది, రేవులో లంగరు వేస్తుంది, తీగ తగిలిస్తే కరెంటు. అవసరం తీరాక దాని దారిన అది పోతుంది. ఇంత సాదా వ్యవహారానికి కూడా కోర్టుకెక్కేవాళ్ళను ఏమనాలి అని అడుగుతారు.

తెలివైనవాళ్ళు అనాలి. ఓడ రేవులోకి రాకముందే కోర్టుకెక్కితే ఇంకా తెలివైనవాళ్ళు అనాలి.

సముద్రం ముఖం చూడని ఏజెన్సీ వాడికి రేవుల గొడవ ఎందుకని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఓడలో పుట్టినా బొగ్గులో పుట్టినా కరెంటు ధర చివరికి వచ్చి పడేది మన బిల్లులోనే. రెండోది, అక్కడి జాలరికి చెబుతున్న ఈ మాటే ఇక్కడ మాకు గిరిజన భూములను కాపాడే 1/70 చట్టం పేరుతో, కవ్వాల్ పులుల అడవి పేరుతో నలభై యాభై ఏళ్ళుగా చెబుతున్నారు. చట్టం అడ్డొస్తోంది, లేకపోతే మీరు బాగుపడేవాళ్ళే అని. అందుకే దీన్ని ఒకసారి నిలబెట్టి అడగాలనిపించింది: కేసులు ఆపిన ఆ కరెంటు ఎక్కడ? చూపించండి.

చూపించమంటే అందరూ దక్షిణాఫ్రికాను చూపిస్తారు. సరే, అక్కడికే పోదాం.

ఆ దేశంలో కరెంటు కోతలు భరించలేని స్థాయికి చేరాక 2020 ఆగస్టులో 2,000 మెగావాట్ల అత్యవసర విద్యుత్తు కోసం ప్రభుత్వం టెండరు పిలిచింది. 2021 మార్చిలో ఫలితాలు ప్రకటించారు. అందులో దాదాపు 1,220 మెగావాట్లు ఒకే ఒక్క టర్కీ సంస్థ కార్పవర్‌షిప్‌కు దక్కాయి. రిచర్డ్స్ బేలో 450, కూగాలో 450, సల్దానా బేలో 320. 'అత్యవసరం' అన్నారు కదా, ఒప్పందం ఎన్నాళ్ళకు అనుకున్నారు? 20 ఏళ్ళకు. ఇల్లు కాలుతోందని బకెట్టు అడిగినవాడికి ఇరవై ఏళ్ళ కిరాయి రాయించుకున్నట్టే. 'అవసరం తీరాక వెళ్ళిపోతుంది' అనే మాట మీద నాకు మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది.

ఆ మూడు రేవులూ ఎలాంటివి? సల్దానా బే పక్కనే లాంగెబాన్ లగూన్ ఉంది, అంతర్జాతీయంగా రామ్‌సర్ గుర్తింపు ఉన్న చిత్తడి నేల. ఆ బేలో ఆల్చిప్పల సాగు మీద బతికేవాళ్ళున్నారు. కూగా రేవు ఉన్న అల్గోవా బేలో సెయింట్ క్రోయ్ అనే చిన్న దీవి ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద ఆఫ్రికన్ పెంగ్విన్ల స్థావరం. ఆ పక్షిని 2024లో 'తీవ్రంగా అంతరించే దశ' జాబితాలోకి చేర్చారు. రిచర్డ్స్ బేలో నదీముఖం, మడ అడవులు. అంటే ఖాళీ నీళ్ళేమీ కావు. నీటి మీద ఊరు కనబడదు కాబట్టి నీళ్ళు ఖాళీ అని గట్టు మీద నిలబడ్డవాడు అనుకుంటాడు.

ఇక ఓడ చేసే పని. గ్యాస్‌ను సున్నాకు దిగువన 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే ద్రవమై, దాని పరిమాణం ఆరువందల వంతులో ఒక వంతుకు కుంచించుకుపోతుంది. అలా మోసుకొచ్చిన దాన్ని ఒక ఓడ నిల్వచేసి మళ్ళీ ఆవిరి చేస్తుంది. పక్కన కరెంటు ఓడలో పెద్ద పెద్ద ఇంజన్లు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. ఇంజన్లు చల్లబడాలంటే సముద్రపు నీళ్ళు పీల్చాలి, వేడెక్కిన నీళ్ళు తిరిగి వదలాలి. పీల్చే గొట్టానికి జాలీ ఉంటుంది. జాలీ పెద్ద చేపను ఆపుతుంది. కంటికి ఆనని రొయ్య పిల్లను, చేప గుడ్డును, పీత పిల్లను ఆపదు. అవి లోపలికి పోయి ఉడికి బయటకొస్తాయి. ఆ ఏడు వలలో పడే సరుకులో ఆ లోటు కనబడదు. వచ్చే ఏడు, ఆపై ఏడు కనబడుతుంది. అప్పటికి జాలరి 'సీజను బాగోలేదు' అనుకుంటాడు. ఇంజన్ల మోత నీటి కింద ఎంత దూరం పోతుంది, దానికి చేపలూ పెంగ్విన్లూ ఎటు చెదురుతాయి అన్నది ఇంకో ప్రశ్న.

ఈ ప్రశ్నలే అక్కడ అడిగారు. 2021 జూన్‌లో ఆ దేశ పర్యావరణ శాఖ మూడు రేవులకూ అనుమతి నిరాకరించింది. చిన్నకారు జాలర్లతో సహా జనం మాట సరిగా వినలేదనీ, నీటి కింద శబ్దం మీద అధ్యయనం సరిపోదనీ కారణాలు చెప్పింది. కంపెనీ అప్పీలు చేసుకుంటే మంత్రి బార్బరా క్రీసీ 2022 ఆగస్టులో తోసిపుచ్చారు. గ్రీన్ కనెక్షన్, గ్రౌండ్‌వర్క్ లాంటి సంస్థలు ప్రతి మెట్టు దగ్గరా అభ్యంతరాలు, కేసులు వేస్తూ వచ్చాయి. అంతకుముందు 2020లో జరిగింది ఇంకా వింత. కరోనా అత్యవసర పరిస్థితి పేరుతో అసలు పర్యావరణ అనుమతే అక్కర్లేదని కంపెనీ ఒక మినహాయింపు తెచ్చుకుంది. తర్వాత ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. నిజంగా నష్టం లేని పనికి మినహాయింపు కోసం అంత ఆరాటం దేనికో ఎవరూ చెప్పలేదు.

కొన్ని కేసులు పర్యావరణం మీద ప్రేమతో వేసినవి కావు, నిజమే. టెండరు పోగొట్టుకున్న డీఎన్‌జీ ఎనర్జీ అనే పోటీ కంపెనీ అవినీతి ఆరోపణలతో కోర్టుకెళ్ళింది. కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. పోటీదారు వ్యాజ్యాన్ని, జాలరి వ్యాజ్యాన్ని వేరు చేసి చూడటం కోర్టుకు చేతనవుతుంది. చేతకానిది ఆ రెంటినీ ఒకే గాటన కట్టేసే టీవీ చర్చలకే.

2023లో రిచర్డ్స్ బే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చింది. కేసులే అడ్డయితే ఇక కరెంటు పారాలి కదా. పారలేదు. డబ్బు సర్దుబాటు కాలేదు, గ్రిడ్ సంస్థ ఎస్కామ్‌తో లంకె కుదరలేదు. ఓడ లేకుండానే 2024 మార్చి 26 నుంచి దేశమంతా కోతలు ఆగాయి, మూడువందల రోజులకు పైగా కోత అన్నదే లేదు. పాత బొగ్గు యూనిట్లను మరమ్మతు చేసుకున్నారు, జనం ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు పెట్టుకున్నారు. ఓడలు ఒప్పుకుని ఉంటే 2040ల దాకా కడుతూ ఉండేవాళ్ళు. ఆ కేసులు దేశానికి చేసిన నష్టం ఏమిటో లెక్క తీసినవాడు ఉంటే చూపించాలి.

దక్షిణాఫ్రికా దూరమంటే మన గోదావరికి రండి. నా వాదనకు అసలు సాక్ష్యం అక్కడే ఉంది.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ పడిందన్నప్పుడు మన దగ్గర పండగ చేసుకున్నారు. వేమగిరి, రాజమండ్రి, సామర్లకోట చుట్టూ గ్యాస్ ప్లాంట్లు మొలిచాయి. సామర్లకోటలో రిలయన్స్ పవర్ 2,400 మెగావాట్ల ప్లాంటే తలపెట్టింది. ఆ బేసిన్‌లోని కేజీ-డీ6 క్షేత్రం ఉత్పత్తి 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, అక్కణ్ణుంచి జారిపోయింది. 2013 మార్చి నాటికి కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాస్ చుక్క కూడా లేకుండా పోయింది. 2015లో కేంద్రం లెక్క తీస్తే దేశంలో 14,000 మెగావాట్ల పైచిలుకు గ్యాస్ ప్లాంట్లు గ్యాస్ లేక పడి ఉన్నాయి. సామర్లకోట సామాను ఒక భాగం చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలిపోయింది.

ఇన్ని వేల మెగావాట్లను ఏ కోర్టు ఆపింది? ఏ హరిత ట్రిబ్యునల్ ఆపింది? ఏ జాలరి పిటిషన్ ఆపింది? ఒక్కటీ లేదు. అన్ని అనుమతులూ చేతిలో ఉన్నాయి, బ్యాంకులు అప్పులిచ్చాయి, రిబ్బన్లు కత్తిరించారు. లేనిది గ్యాస్ ఒక్కటే.

అంత దూరం కూడా వద్దు, మన కరీంనగర్ పక్క నేదునూరు చాలు. తిమ్మాపూర్ మండలంలో 2,100 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం అన్నారు. రోశయ్య గారు ముఖ్యమంత్రిగా ఉండగా 2010లో శంకుస్థాపన జరిగింది. రైతుల దగ్గర వందల ఎకరాలు తీసుకున్నారు. గ్యాస్ కేటాయింపు రాలేదు. మధ్యలో బొగ్గుకు మారుస్తామన్నారు, అదీ లేదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, గొట్టం లేని చోట, గ్యాస్ హామీ లేకుండా ఇంత ప్లాంటుకు రాయి ఎలా వేశారని ఆనాడు ఒక్కడు కోర్టుకెళ్ళి 'గ్యాస్ ఒప్పందం చూపించండి' అని అడిగి ఉంటే, ఆ రైతు చేతిలో ఇవాళ భూమి ఉండేది. అడగలేదు. అభివృద్ధికి అడ్డు తగలొద్దని పెద్దమనుషులు సర్దిచెప్పి ఉంటారు.

తేలే ప్లాంటు కూడా తెలుగువాళ్ళకు కొత్త కాదు. జీఎంఆర్ సంస్థ 2001లో మంగళూరు దగ్గర తన్నీర్‌బావిలో బార్జ్‌ల మీద 220 మెగావాట్ల ప్లాంటు నిలబెట్టింది. అప్పట్లో నాఫ్తాతో నడిచేది. కర్ణాటకతో ఏడేళ్ళ ఒప్పందం 2008లో ముగిశాక దాన్ని కాకినాడకు తెచ్చి గ్యాస్‌కు మార్చారు. కాకినాడలో అది పట్టుమని మూడేళ్ళు ఆడిందో లేదో, గ్యాస్ ఎండిపోయింది. దాని మీద కేసు వేసి ఆపినవాళ్ళు లేరు. తేలినంత మాత్రాన ఇంధనం పుట్టదన్న పాఠం మన రేవులోనే ఉండగా, తేలడమే ఒక అర్హత అన్నట్టు ఇప్పుడు మళ్ళీ మాట్లాడుతున్నారు.

ఆ కాకినాడ రేవు ఎక్కడుంది? ఎదురుగా గోదావరి ఒండ్రు పోసి కట్టిన హోప్ ఐలాండ్, ఇసుక దిబ్బలా సాగి తుపాను అలలకు అడ్డం పడుతుంది. దక్షిణాన కోరింగ అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. ఉప్పుటేర్లలో ఆటు వచ్చినప్పుడు చూడాలి: బురదలోంచి వేళ్ళంత పొడుగు శ్వాస వేర్లు వేల సంఖ్యలో పైకి లేచి ఉంటాయి, వాటి మధ్య మండపీత బొరియలు, ఎర్ర కాళ్ళ చిన్న పీతలు. పోటు ఎక్కితే అదంతా మునిగి, అదే బురదలో పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు మేతకొస్తాయి. నీటి పిల్లి తిరిగేది ఇక్కడే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెట్టేది ఈ తీరంలోనే. వేడి నీళ్ళు వదలడానికి ఇంతకంటే నాజూకైన చోటు వెతికినా దొరకదు. ఈ రేవులోనే ద్రవ గ్యాస్ తేలే టెర్మినల్ పెడతామని పదేళ్ళ పైబడి ఒకరి తర్వాత ఒకరు ప్రకటించారు. ఒక్కటీ కట్టలేదు. వాటినీ కేసులు ఆపలేదు, ధర ఆపింది.

ఎదుటి పక్షం దగ్గర ఒక గట్టి ఉదాహరణ ఉంది, దాన్ని దాచడం నా పని కాదు. పాకిస్తాన్ 2009లో ఇదే టర్కీ గ్రూపుతో సుమారు 232 మెగావాట్లకు ఒప్పందం చేసుకుంది. కరాచీకి ఓడ వచ్చింది. 2012 మార్చి 30న ఆ దేశ సుప్రీంకోర్టు అద్దె కరెంటు ఒప్పందాలన్నింటినీ రద్దు చేసింది, ఓడను కట్టేశారు. కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. 2017లో పాకిస్తాన్ దాదాపు 80 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది. 2019లో రాజీ కుదిరి గండం గడిచింది. "చూశారా, కోర్టు వేలు పెడితే దేశం దివాలా" అంటారు.

చూశాను. సంతకాలయ్యాక, ఓడ వచ్చాక, డబ్బు చేతులు మారాక కోర్టుకెళితే అంతే అవుతుంది. ఇది కేసుకు వ్యతిరేకంగా చెప్పే కథ కాదు, ఆలస్యపు కేసుకు వ్యతిరేకంగా చెప్పే కథ. ప్రశ్న ఒప్పందానికి ముందు అడిగిన దక్షిణాఫ్రికా ఏమీ కట్టాల్సిన స్థితికి రాలేదు.

అడగకుండా ఒప్పుకున్నవాళ్ళ సంగతి కూడా చూడాలి. 2023 అక్టోబరులో గినీ బిస్సావ్ బాకీ పడిందని ఓడ కరెంటు ఆపేస్తే రాజధాని బిస్సావ్ చీకట్లో పడింది. అంతకు నెల ముందు సియర్రా లియోన్‌లో ఫ్రీటౌన్‌కు అదే గతి. 2021లో లెబనాన్‌కూ బకాయిల మీదే ఆపారు. నేలమీద ప్లాంటు అయితే బాకీ ఉన్నా యంత్రం ఇక్కడే ఉంటుంది, బేరమాడొచ్చు. ఓడైతే లంగరు ఎత్తడమే. "వెళ్ళిపోతుంది" అని సుగుణంగా చెప్పింది ఈ గుణాన్నే.

మన చట్టం కేసులకు ఎంత వెసులుబాటు ఇస్తోందో కూడా చాలామందికి తెలియదు. ఏళ్ళ తరబడి లాగుతారన్నది ప్రచారం. 2010 హరిత ట్రిబ్యునల్ చట్టం ప్రకారం పర్యావరణ అనుమతిని సవాలు చేయడానికి గడువు 30 రోజులు. సరైన కారణం చూపిస్తే మరో 60. అంతే, ఆ తర్వాత తలుపు మూత. ఆ ముప్పై రోజుల్లో కోరింగ పక్క జాలరి వందల పేజీల ఇంగ్లీషు నివేదిక సంపాదించి, చదివించుకుని, వకీలును పట్టుకుని, చెన్నై బెంచికి చేరాలి. కంపెనీకి ఆ నివేదిక రాయించుకోవడానికి మాత్రం ఇలాంటి గడువు లేదు. ఇంత ఇరుకైన తలుపును కూడా విశాలమని ఏడ్చేవాళ్ళను ఏం చేయాలి?

తలుపు తెరుచుకోవడం ఆలస్యమైతే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చెప్పింది. బీల చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు వద్దని జనం ఎన్నాళ్ళుగానో మొత్తుకున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు ముందురోజు వచ్చి ఉంటే అన్న ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలదు. 'కేసుల వల్ల ఆలస్యం' అని ఎవరైనా అన్నప్పుడల్లా సోంపేట గుర్తొస్తుంది.

ముందు కట్టు, తర్వాత అడుగు అనే పద్ధతికి పైనుంచి అండ కూడా దొరుకుతోంది. పని మొదలెట్టాక అనుమతి తెచ్చుకునే ఏర్పాటును సుప్రీంకోర్టు 2025 మే 16న కొట్టేసింది. ఆరు నెలలు గడిచీ గడవకముందే, నవంబరు 18న, ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. మూడో న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్ విభేదించారు. నేను మూడో ఆయన వైపు. ఎప్పుడైనా లంగరు ఎత్తగలిగిన ఓడకు తర్వాత అనుమతి ఇస్తామనడం కన్నా ముందే ఇచ్చేస్తే నయం, కనీసం నాటకం తప్పుతుంది.

అడగడం అనేది పర్యావరణం వైపున్న వాళ్ళూ నేర్చుకోవాల్సిన పనే, ఇది మా జిల్లాలోనే తేలింది. పులుల కోసం కుమురం భీం కారిడార్ అంటూ 2025లో ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. గ్రామసభలను అడగలేదు. ఆదివాసీలు రోడ్డెక్కారు, జూలైలో జీవోను పక్కన పెట్టారు. పులిని కాపాడే కాగితమైనా, గ్యాస్ మండించే కాగితమైనా, అక్కడ బతికేవాడిని అడగకుండా రాస్తే నిలవదు. ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం మీద 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది, పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. దాంతో దేశంలో అల్యూమినియం కరువేమీ రాలేదు.

కాకినాడలోనో కృష్ణపట్నంలోనో రేపు మళ్ళీ తేలే ప్లాంటు పేరు వినిపిస్తే, తీరంలో ఉన్నవాళ్ళు మూడు కాగితాలు అడగాలి, తెలుగులో అడగాలి: గ్యాస్ ఎవరిస్తారు, ఎన్నేళ్ళకు అన్న ఒప్పందం, వాడినా వాడకపోయినా కట్టాల్సింది ఎంతన్న లెక్క, వేడి నీళ్ళు, శబ్దం మీద నాలుగు కాలాలూ చేసిన అధ్యయనం. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషనే చెబుతోంది, ఎవరి దయా అక్కర్లేదు. ఇవ్వకపోతే ట్రిబ్యునల్‌కు పోండి. అనుమతి పత్రం బయటపెట్టిన రోజు నుంచే ఆ ముప్పై రోజులు లెక్కకొస్తాయి.